పూలకుండీ, పెంపుడు కుక్క

గద్వాల చీరెల నేతను గురించి ఒక కార్యక్రమము సిద్ధము చేయుటకై ఈ మధ్య ఒక నేతవారి యింటికి వెళ్లితిమి. కోటకు ఎంతో దూరము లేని ఇరుకు సందులో ఆ యిల్లు. కిటికీ ప్రక్కన గుంటమగ్గము. కిటికీలో ఒక గాజు సీసా, సీసాలో నీళ్లు, ఆ నీళ్లలో మనీప్లాంటు. తీగ కిటికీ చువ్వలను చుట్టుకొని, మగ్గము మీదుగా సాగి, నేలకు జానెడు ఎత్తున వ్రేలాడుచున్నది. దాని క్రింద రెండు మూడు మాసముల కుక్కపిల్ల ఒకటి వెల్లకిల పండుకొని, ఆ తీగ కొనను నోట అందుకొనుటకు మహా ప్రయత్నము చేయుచున్నది. మేము మైకు పట్టుకొని మగ్గము చప్పుడు కొరకు వేచియుండగా, ఆ యింటి ఇల్లాలు అడిగినది.

"మీరు రేడియోవాండ్లు గదా సార్, మీకు అన్ని ఎరికుంటయి. ఈ ఆకు తింటే కుక్కకు ఏమన్న అయితదా?"

రేడియోవారికి అన్నియు తెలియునను ఈ నమ్మకము మమ్ము ఎన్నో పర్యాయములు ఇరుకున పెట్టినది. "ఏమీ కాదమ్మా" అని అనబోయి ఆగితిమి. ఎందుకు ఆగవలసి వచ్చినదో కొంతసేపటికి మనవి చేసెదము. అప్పటికి మాత్రము, కనుగొని చెప్పెదమని మాట యిచ్చి వచ్చితిమి. ఆ మాట చెల్లించుకొనుటయే ఈ ప్రసంగము.

వెనుకటి దినములలో ఈ ప్రశ్న పుట్టుటకే అవకాశము లేదు. కుక్క వాకిట ఉండెడిది, చెట్టు పెరటిలో ఉండెడిది. రెండింటికిని నడుమ ఇల్లు ఉండెడిది. కుక్కకు ఊరంతయు తిరుగుటకు చోటున్నది, దానికి మొక్కలతో పనిలేదు. ఇప్పుడు కుక్కయు ఇంటిలోనికి వచ్చినది, మొక్కయు ఇంటిలోనికి వచ్చినది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016 అక్టోబరు 11వ తేదీన జిల్లా కేంద్రములైనవి. ఆ తరువాత ఈ మూడు పట్టణముల అంచులలో క్రొత్త కాలనీలు లేచినవి. మేడ మీద రెండు గదులు, బాల్కనీలో నాలుగు కుండీలు, ఆ కుండీల నడుమ గొలుసుతో కట్టిన కుక్క, ఇదియే నేటి సంసార చిత్రము. కుండీలో ఉన్నదేమో నర్సరీవానికి తెలియును, కొన్నవారికి తెలియదు. "నీళ్లు తక్కువ పోయుడు, ఎండ తగలనీయకుడు" అను రెండు మాటలు తప్ప అమ్మువాడు మరి యేమియు చెప్పడు. అడిగినవారు ఉన్నగదా చెప్పుట!

ముందుగా మనీప్లాంటు సంగతి. దీనికిని ధనమునకును ఏ సంబంధమును లేదు. దీని పుట్టినిల్లు పసిఫిక్ మహాసముద్రములోని మూరియా అను చిన్న దీవి. ఇది చేమ కుటుంబమునకు చెందినది. అనగా మన చేమదుంపకును, కందగడ్డకును ఇది జ్ఞాతి. కంద తరుగునప్పుడు చేతులు దురద పెట్టుట మన ఇల్లాండ్రందరికిని అనుభవమే. కందకు లేని దురద కత్తిపీటకెందుకను సామెత పుట్టినది అందువలననే. ఆ దురదకు కారణము ఆ మొక్క కణములలో కట్టలు కట్టలుగా ఇమిడియున్న సూదుల వంటి స్ఫటికములు. కాల్షియమ్ ఆక్సలేటు అను పదార్థము సూక్ష్మమైన సూదుల ఆకారమున పేరుకొని యుండును. ఆకును నమిలినపుడు కణము పగిలి, ఆ సూదులు నాలుకలోను, చిగుళ్లలోను, గొంతులోను గుచ్చుకొనును. మనము కందను చింతపండుతో ఉడికించి, దురద చంపి తినుచున్నాము. కుక్కపిల్లకు చింతపండు పులుసు పెట్టు తెలివి లేదు గదా! అది పచ్చి ఆకునే నమలును.

నమిలిన తరువాత జరుగునది ఇది. నోటివెంట చొంగ కారును. ముందరి కాళ్లతో మూతిని గోకుకొనును. తల విదిలించును. కొన్ని కుక్కలు వాంతి చేసికొనును. నాలుకయు పెదవులును కొంచెము వాచవచ్చును. ఒక పూట కూడు ముట్టదు. అంతకు మించి సాధారణముగా ఏమియు కాదు. మొదటి కొరుకుకే నోరు మండుటచేత చాల కుక్కలు రెండవ కొరుకు కొరకవు. ప్రాణాపాయము మిక్కిలి అరుదు. గొంతు బాగుగా వాచి, ఊపిరి తీయుట కష్టమైనపుడు మాత్రము వైద్యుని యొద్దకు పరుగెత్తవలసియుండును. కావున "తింటే ఏమన్న అయితదా" అను ప్రశ్నకు మా సమాధానము ఇది: బాధ కలుగును, ప్రాణము పోదు. తీగను చుట్టి పైన కట్టినచో సరిపోవును. పారవేయనక్కరలేదు. నోరు మండిన కుక్కకు తడిగుడ్డతో నోరు తుడిచి, చల్లని నీరు త్రాగనిచ్చి, కొంచెము పెరుగు నాకనిచ్చినచో ఉపశమనము కలుగును. పెరుగులోని సున్నపు ధాతువు ఆ ఆక్సలేటును కొంత పట్టుకొనునని చెప్పుదురు.

ఈ చేమ కుటుంబమువారు మన యిండ్లలో చాలమందియే ఉన్నారు. తెల్లచుక్కల వెడల్పాటి ఆకులతో డాక్టర్ల ముందుగదులలోను, బ్యాంకులలోను కనబడు డైఫెన్‌బాకియా వారిలో ఒకటి. నమిలిన మనుష్యునికి నాలుక వాచి మాట పడిపోవుటచేత ఇంగ్లీషులో దానికి మూగకాడ అను అర్థము వచ్చు పేరు పెట్టినారు. అది మనీప్లాంటు కంటె ఒక మెట్టు పైది. రంగు రంగుల ఆకుల కలేడియము, ఫిలోడెండ్రాన్, తెల్లపూల పీస్‌లిల్లీ, ఇవియన్నియు ఆ వంశమువే. వీనిని కుక్కకు అందని ఎత్తున ఉంచుడని తప్ప మేము వేరు చెప్పము.

కలబంద మాట అడిగినవారు కూడ ఉన్నారు. దిష్టి తగులకుండ గుమ్మమునకు తలక్రిందుగా కట్టిన కలబందతో ఏ కుక్కకును ప్రమాదము లేదు, అది కుక్కకు అందదు. కుండీలో ఉన్నది అట్లు కాదు. కలబంద లోపలి జిగురు చల్లనిదే, కాని పైతోలు క్రిందనే పసుపుపచ్చని చేదు పాలు ఉండును. విరేచనకారి ఆ పాలే. కుక్క ఆకును తోలుతో సహా కొరుకును గనుక దానికి వాంతులు, విరేచనములు కలుగవచ్చును. ఒకటి రెండు దినములలో తేరుకొనును. తులసి, గులాబి, మల్లె, ఇవి కుక్క తిన్నను భయపడనక్కరలేదు. గులాబి ముల్లు మూతికి గుచ్చుకొన్నచో అది వేరు సంగతి.

ఒక చిక్కు మాత్రము చెప్పి తీరవలెను. నర్సరీలో "పామ్" అను పేరుతో రెండు రకముల మొక్కలు అమ్ముదురు. ఒకటి ఆరెకా పామ్. సన్నని పచ్చని మట్టలతో గుబురుగా పెరుగునది. దానివలన కుక్కకు ఏ బాధయు లేదు. రెండవది సైకస్. గట్టి మొండెము మీద ముండ్ల వంటి కొసలు గల ఆకులను గొడుగువలె విప్పుకొని, బంగళాల ముందర ఇరుప్రక్కల ద్వారపాలకులవలె నిలిచియుండును. ఇది తాటిజాతి కానే కాదు, అనాదియైన వేరొక జాతి. మన శేషాచలము కొండలలో దీని జ్ఞాతి ఒకటి అడవి మొక్కగా పెరుగుచున్నది. తోటలలో పెంచునది జపాను దేశపుది. దీని ఆకు, మొండెము, వేరు అన్నియు విషమే, గింజ మరింత విషము. ఆ విషము కాలేయమును పాడుచేయును. ఒకటి రెండు గింజలు నమిలిన కుక్కకే ప్రాణము మీదికి రావచ్చును. పేరొకటియే అని రెండింటిని ఒక్కటిగా ఎంచరాదు. కుక్కపిల్ల ఉన్న యింటివారు సైకసును కొనకుండుటయే మేలు.

ఇక మన పెరటిలోనికి వత్తము. మనీప్లాంటు దూరదేశపుది గనుక దానిని అనుమానించి అడిగినారు. గన్నేరును అడిగినవారు లేరు. అది మనది. తెల్లగన్నేరు పూలు శివపూజకు శ్రేష్ఠమని పెరటిలో నాటుదురు. అలంపురములో బాదామి చాళుక్యులు కట్టిన నవబ్రహ్మాలయములున్న ప్రాంతము మనది, శివార్చన లేని ఊరు లేదు. నీళ్లు లేకున్నను బ్రతుకును, పశువు ముట్టదు, ఏడాది పొడుగున పూయును. ఈ గుణములను చూచియే జాతీయ రహదారుల నడుమ కూడ దీనిని నాటుచున్నారు. పశువు ముట్టదను గుణమును మనము మెచ్చుకొందుము గాని, ఎందుకు ముట్టదని ఆలోచింపము.

గన్నేరులో ఆకు మొదలు వేరు వరకు గుండెను పట్టు విషమున్నది. 1785లో విలియమ్ విదరింగ్ అను ఇంగ్లీషు వైద్యుడు డిజిటాలిస్ అను మొక్కను గుండె సంబంధమైన వ్యాధులకు వాడి పుస్తకము వ్రాసెను. గన్నేరులోని పదార్థము ఆ జాతిదే. తగు మోతాదులో డిజిటాలిస్ ఔషధము. గన్నేరాకునకు మోతాదు కొలిచి పెట్టువారెవరు? తిన్న కుక్కకు మొదట వాంతులు, చొంగ, కడుపునొప్పి. పిదప నాడి తప్పటడుగులు వేయును. ఒకప్పుడు మిక్కిలి నెమ్మది, ఒకప్పుడు మిక్కిలి వేగము. గుండె అట్లే ఆగిపోవచ్చును. ఎండిన ఆకులోను విషము చావదు. ఇది ముఖ్యము. పచ్చి ఆకు చేదుగా ఉండుటచేత కుక్క వదలివేయవచ్చును. కొమ్మలు నరికి పెరటి మూల కుప్పవేసినపుడు, ఎండిన పుల్లను ఆటకై కొరుకును. పూలు వేసి ఉంచిన గిన్నెలోని నీరు కూడ త్రాగదగినది కాదు. పచ్చగన్నేరు, అనగా గంట ఆకారపు పసుపు పూలది, దీనికి దూరపు చుట్టము, అమెరికా ఖండమునుండి వచ్చినది. దాని కాయలోని గింజ మరింత ఉగ్రమైనది. ఆ గింజ మనుష్యులనే బలిగొనుచున్న సంగతి పల్లెలలో తెలియనివారు లేరు.

పూజకు గన్నేరు వలదని మేము చెప్పుట లేదు. కుక్క తిరుగు పెరటిలో దానిని నాటదలచినవారు చుట్టును తడిక కట్టవలెను. కత్తిరించిన కొమ్మలను ఆ పూటనే తీసి పారవేయవలెను. కాల్చరాదు, ఆ పొగయు మంచిది కాదు.

ఇప్పుడు, గద్వాలలో "ఏమీ కాదమ్మా" అనబోయి ఎందుకు ఆగితిమో చెప్పవలసిన ఘట్టము వచ్చినది.

పదునైదేండ్ల క్రిందటి మాట. మా యింట రాజు అను కుక్క ఉండెడిది. ఏ విదేశపు జాతియు కాదు, వాకిట పుట్టి వాకిటనే పెరిగిన ఊరకుక్క. అప్పటికి మాకు గులాబీల మీద కొత్తగా మోజు పుట్టినది. రసాయనిక ఎరువులు వాడరాదని నిశ్చయించుకొని, ఒక దుకాణములో ఆముదపు పిండియు, ఎముకల పొడియు కలిపిన సంచి ఒకటి తెచ్చి, కుండీలకు దోసెడు దోసెడు వేసితిమి. సంచి మీద సేంద్రియము అని పెద్ద అక్షరములతో వ్రాసియున్నది. ఆ మాట చూచినచో మనకు భయము తీరిపోవును.

ఆ రాత్రి రాజు రెండు కుండీలను తవ్వినది. ఉదయమున మన్ను నేలమీద పరచియుండుట చూచి కోపగించి ఒక దెబ్బ వేసితిమి. ఆ దెబ్బ ఇప్పటికిని మాకు జ్ఞాపకము. మధ్యాహ్నమునకు వాంతులు మొదలైనవి. ఏదో కుళ్లిన మాంసము తిన్నదని మజ్జిగ పోసితిమి. సాయంకాలము ప్రక్కయింటి పెద్దాయన వచ్చి, "విషం తిన్నట్టుంది, కుంకుడు రసం పోయుండి, అంతా కక్కేస్తది" అని చెప్పినారు. ఆయన మేలు కోరియే చెప్పినారు. నోరు పట్టి తెరచి పోసితిమి. కక్కినది, దగ్గినది. రాత్రికి విరేచనములో నెత్తురు కనబడినది. మరునాడు పశువైద్యుని యొద్దకు తీసికొనిపోగా, ఆయన అన్నియు విని, ఒకే ప్రశ్న అడిగినారు. "కుండీలో ఏమి వేసితిరి?"

"ఏమియు లేదండి, మందులేవియు వేయలేదు, సేంద్రియ ఎరువే" అని చెప్పితిమి. గర్వముతోనే చెప్పితిమి.

రాజు మూడవ దినమున చనిపోయినది. కుంకుడు రసము కొంత ఊపిరితిత్తులలోనికి పోయియుండునని కూడ ఆ డాక్టరుగారు మెల్లగా చెప్పినారు. చెప్పకున్నను బాగుండెడిది అని అప్పుడు తోచినది. చెప్పుటయే మంచిదని ఇప్పుడు తోచుచున్నది.

ఆముదము మన పాలమూరు పంట. ఎఱ్ఱచెలకలలో, వాన కురిసినను కురియకున్నను ఇంత పండి రైతును నిలబెట్టిన పంట. ఇప్పుడు ఆ చెలకలలో చాల భాగమును పత్తి ఆక్రమించినది. అయినను ఆముదమును ఎరుగని ఇల్లు ఈ మూడు జిల్లాలలో లేదు. నాగర్‌కర్నూలు జిల్లాలోని పాలెము వ్యవసాయ పరిశోధనా స్థానము ఈ పంట మీద చేసిన కృషికి పేరు పొందినది. క్రాంతి, హరిత, కిరణ్ అను ఆముదపు వంగడములు అక్కడ రూపొందినవే. ప్రపంచములో ఆముదము అధికముగా పండించు దేశము మనదే. బిడ్డకు కడుపు కడుగుటకు ఆముదము, తలకు ఆముదము, దీపమునకు ఆముదము. ఇంతటి ఆప్తమైన వస్తువునందు విషమున్నదనిన నమ్ముట కష్టమే.

నూనెలో లేదు. గింజలో ఉన్నది. 1888లో స్టిల్‌మార్క్ అను పరిశోధకుడు ఆముదపు గింజనుండి ఆ విషమును వేరు చేసి, రిసిన్ అని పేరు పెట్టెను. అది ఒక మాంసకృత్తు. నీటిలో కరగును, నూనెలో కరగదు. అందువలన గింజను ఆడించినపుడు నూనె శుద్ధముగా వచ్చును, విషము పిండిలో మిగిలిపోవును. 1978లో లండను నగరపు వీధిలో మార్కోవ్ అను బల్గేరియా రచయిత మరణమునకు కారణమైనది ఈ రిసినే, గుండుసూది తలయంత గుండులో పెట్టినది. మన పశువులకు ఆముదపు పిండిని మేతగా పెట్టకపోవుటకు కారణము ఇదియే. పెద్దలకు కారణము తెలియదు గాని సంగతి తెలియును: వేరుసెనగ చెక్క గొడ్లకు, ఆముదపు చెక్క పొలమునకు.

రిసిన్ శరీరములోని కణములు మాంసకృత్తులను తయారు చేసికొను యంత్రమునే ఆపివేయును. అందువలన వెంటనే ఏమియు కనబడదు. కొన్ని గంటలు గడచును, ఒక్కొక్కప్పుడు ఒక దినము మించియు గడచును. కుక్క ఆడుకొనుచునే యుండును, యజమాని నిశ్చింతగానే యుండును. దీనికి విరుగుడు మందు లేదు. లక్షణములనుబట్టి సెలైను ఎక్కించుట, వాంతులు నిలుపుట, కాలేయమును మూత్రపిండములను కనిపెట్టి చూచుట, ఇంతే వైద్యుని చేతిలో నున్నది. అయినను నిరాశ పడనక్కరలేదు. అమెరికాలో ఆముదపు గింజలు తిన్న 98 కుక్కల వృత్తాంతములను పరిశీలించి 2000 సంవత్సరమున ఒక వ్యాసము ప్రకటించినారు. వానిలో చనిపోయినవియు, బాధ చూడలేక నిద్రపుచ్చినవియు కలసి నూటికి 9. తక్కినవి బ్రతికినవి. గింజ పైపెంకు గట్టిది. నమలక మ్రింగిన గింజ కొన్ని సార్లు అట్లే బయటికి పోవును. పిండి సంగతి అట్లు కాదు. అది ముందే నలిగియున్నది, నమలవలసిన పని కుక్కకు లేదు. పైగా ఎముకల పొడి కలిపినచో ఆ వాసనకు కుక్క తవ్వక మానదు. బ్రెజిలు, దక్షిణ కొరియా దేశములలో కూడ ఇట్టి ఎరువులు తిని కుక్కలు చనిపోయిన సంఘటనలను అక్కడి పశువైద్యులు ప్రకటించియున్నారు. పిండిని తగినంత వేడిచేసినచో రిసిన్ నశించును. కాని మీరు కొన్న సంచిలోని పిండిని ఎవరు ఎంత వేడిచేసినారో సంచి మీద ఉండదు.

కుక్క ఉన్న యింట గులాబీలకు బాగుగా మాగిన పశువుల ఎరువో, వానపాముల ఎరువో వేసికొనవచ్చును. వేపపిండి చేదు, సాధారణముగా కుక్క దాని జోలికి పోదు. ఆముదపు పిండి పొలమునకే ఉండనిండు. పొలమునకు తెచ్చిన సంచిని కూడ నట్టింట, కుక్క పండుకొను మూలలో వేయకుడు.

ఇంత చెప్పిన పిమ్మట ఒక ఆక్షేపణ వచ్చును. వనపర్తిలో ఒక మిత్రులు మాతో వాదించినారు. "నోరులేని జీవములకు ఏది తినవలెనో, ఏది తినరాదో ప్రకృతియే నేర్పును. నల్లమలలో చెంచుల కుక్కలు అడవియంతయు తిరుగుచున్నవి. అక్కడ లేని విషపు మొక్క ఉన్నదా? వానికి ఎవరు రేడియోలో ప్రసంగము చేసినారు?" అని. ప్రశ్న మాకు నచ్చినది. అమ్రాబాదు అడవులలో కుక్క లేని చెంచు గూడెము కనబడుట అరుదు, ఆ కుక్కలు ఆకులు తిని చచ్చుట మేము వినలేదు. కడుపు బాగులేనపుడు కుక్క గరిక తినుట మనమందరము చూచినదే.

అయితే అడవి కుక్కకు పగలంతయు పని యున్నది. యజమాని వెంట నడచును, వాసన పట్టును, ఉడుమును తరుమును. తల్లి వెంట తిరిగి ఏది ముట్టవలెనో నేర్చుకొనును. మన బాల్కనీలో కట్టిన కుక్కకు తల్లి లేదు, పని లేదు, ఎదుట నాలుగు కుండీలున్నవి. నాలుగవ మాసము మొదలు పాలపండ్లు ఊడి కొత్త పండ్లు వచ్చువరకు చిగుళ్లు సలుపుచుండును. చెప్పు, చాప, కుర్చీ కాలు, మొక్క, ఏది దొరకిన దానిని కొరుకును. అది ఆకలి కాదు, రుచి కాదు, సలుపు. ప్రకృతి దానికి కొరుకుమనియే చెప్పుచున్నది. గన్నేరాకు తినవలదని చెప్పుటకు ఆ ప్రకృతికి తీరిక లేదు. మా మిత్రులు ఒప్పుకొన్నట్లు కనబడలేదు. వారింట రెండు కుక్కలును, గేటు ప్రక్కన పచ్చగన్నేరును ఉన్నవి. వెళ్లునపుడు మాత్రము ఆ చెట్టు క్రింద రాలిన కాయలను కాలితో ఒక ప్రక్కకు నెట్టుట చూచితిమి.

కుక్క ఏదో తిన్నదని తెలిసినపుడు చేయవలసినదానిని త్వరగా చెప్పెదము. నోటిలో మిగిలినదానిని తీసివేయుడు. ఏది తిన్నదో ఆ కొమ్మనో, గింజనో, ఎరువు సంచినో చేత పట్టుకొని వైద్యుని యొద్దకు పొండు. "ఏదో ఆకు" అని చెప్పినచో ఆయన మాత్రము ఏమి చేయగలరు? ఎప్పుడు తిన్నదో గంట జ్ఞాపకము పెట్టుకొనుడు. కుంకుడు రసము పోయవలదు. ఉప్పునీళ్లు పోయవలదు, ఉప్పు మితిమీరినచో అదియే మరియొక విషమగును. నూనె పోయవలదు. వాంతి చేయించవలసినచో వైద్యుడే చేయించును, విషమును పీల్చు బొగ్గు మందును అవసరమైనచో ఆయనే యిచ్చును. లక్షణములు కనబడు వరకు వేచియుండుట, పైన మేము చెప్పినట్లు, గన్నేరు విషయములోను ఆముదపు పిండి విషయములోను పెద్ద పొరపాటు.

మన పశువైద్యశాలలు గొఱ్ఱెలకును, గొడ్లకును ఏర్పడినవని, కుక్కను తీసికొనిపోయినచో నవ్వుదురని కొందరు సంకోచింతురు. పాలమూరు గొఱ్ఱెల సీమయే, అచ్చట మంద ముందుండుట సహజము. కాని విషము తిన్న గొఱ్ఱెను చూచిన వైద్యుడు విషము తిన్న కుక్కను గుర్తింపక పోడు. ఈ ప్రాంతపు గొఱ్ఱెల డాక్టర్లకు విషపు మొక్కలతో ఉన్న పరిచయము పట్టణపు కుక్కల డాక్టర్లలో చాలమందికి ఉండదని మా నమ్మకము. గద్వాలనుండి హైదరాబాదునకు ప్రయాణము చేయు మూడు నాలుగు గంటలలో పోవు కాలము, దగ్గరి ఆసుపత్రిలో మొదటి సూది వేయించుటకు చాలును.

గద్వాల ఇల్లాలికి ఈ సమాచారము ముందుగానే పంపితిమి. వారు తీగను చుట్టి కిటికీ పైచువ్వకు కట్టినారట. పెరటిలో గులాబికి ఏమి వేయుచున్నారని అడిగితిమి. పేడయెరువు అని చెప్పినారు. కుక్కపిల్ల ఇప్పుడు మనీప్లాంటు మాట మరచిపోయి, మగ్గము క్రింద దూరి కండెలు ఎత్తుకొనిపోవుచున్నదట. దానికేమి చేయవలెనని మరల మమ్మే అడిగినారు.